ముంగిసవ్వ గొంతు

విద్యాలక్ష్మి ఏడవడానికి మద్రాసు పోయేది.

సొంత కష్టం మీద కాదు, పని మీద. సీరియళ్లలో ఎవరో ఒకరు చచ్చిపోతూనే ఉంటారు. శవం చుట్టూ కొందరు ఆడవాళ్లు గుండెలు బాదుకుంటారు. వాళ్ల గొంతుల్లో ఒకటి ఆమెది. పెళ్లి సీనులో ముత్తైదువల గుసగుసలు, సంతలో బేరాలు, మంటలంటుకున్న ఇంట్లోంచి కేకలు, తేరు లాగేటప్పుడు గోవిందలు, అన్నీ ఆమె పనే. డబ్బింగ్ వాళ్లు దాన్ని క్రౌడ్ అంటారు. ముఖం కనిపించని, పేరు వేయని, గుంపులో కలిసిపోయే గొంతులు. ఆ గుంపులో కలిసి ఆమె పదిహేనేళ్లకు పైగా అరిచింది.

పొద్దున్నే వంట చేసి, డబ్బాలు కట్టి, తిరువళ్లూరులో ట్రెయినెక్కేది. సీటు దొరికితే కళ్లు మూసుకునేది, దొరక్కపోతే తలుపు పక్కన కమ్మీకి ఆనుకుని నిలబడే కళ్లు మూసుకునేది. విల్లివాక్కంలో దిగి బస్సు పట్టుకుని వడపళని చేరేసరికి సగం శక్తి దారిలోనే అయిపోయేది. ఆపైన ఏసీ గదిలో నిలబడి, ఒక్కొక్కసారి పొద్దంతా ఏడవాలి. సాయంత్రం అదే దారిన తిరిగొచ్చి మళ్లీ పొయ్యి దగ్గరికి. ఇంట్లో ఆమె చాలా తక్కువ మాట్లాడేది. కోపమేమో అనుకునేవాళ్లు చుట్టుపక్కలవాళ్లు. కోపం కాదు, గొంతులో ఏమీ మిగిలేది కాదు.

ఆమె పుట్టింది తిరుత్తణిలో, కొండ కింది వీధిలో. తండ్రి కొండకొచ్చే భక్తులకు ఇత్తడి దీపాలు, విభూతి పొట్లాలు అమ్మేవాడు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. చదువంతా తమిళంలోనే సాగింది. తెలుగు అక్షరాలు నేర్పింది పెద్దమ్మ చెంగమ్మ. భర్త పోయాక మరిది ఇంట్లోనే ఉండిపోయిన మనిషి. చాటలో బియ్యం పరిచి, రాళ్లేరుతూ, మధ్యలో వేలితో ఒక్కో అక్షరం గీసి చూపించేది. చెంగమ్మ మాట కరుకు. ఎవరినీ ముద్దుగా పిలిచింది లేదు. దీపాలు పెట్టేవేళ వీధిలోకొచ్చి, మన పిల్లలని, ఊరి పిల్లలని చూడకుండా అందరినీ తిట్టి లోపలికి తోలేది. తోలినవాళ్లందరికీ ముద్దలు కలిపి పెట్టేది.

పెళ్లయ్యాక విద్యాలక్ష్మి తిరువళ్లూరు వచ్చింది. భర్త రఘునాథ్‌కు గుడి తేరు నిలిపే తేరడి దగ్గర పైపులు, కొళాయిల షాపు. నెమ్మదస్తుడు. వాళ్లకు ఒక్కతే కూతురు, ప్రీతిక. ఆ పిల్ల బడికి పోవడం మొదలుపెట్టిన ఏడాది, పక్కింటామె అన్న షణ్ముగం ఒకరోజు వాళ్ల గడపలోకి వచ్చాడు. చెన్నైలో డబ్బింగ్ స్టూడియోలకు గొంతులు సప్లై చేసే ఏజెంటు అతను. తెలుగు చదవగలిగిన ఆడవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. ఆ వీధిలో తెలుగు మాట్లాడే ఇళ్లు చాలానే ఉన్నాయి గానీ, చదవడం వచ్చింది విద్యాలక్ష్మి ఒక్కతే.

మొదటి రోజు ఆమెను ఒక హీరోయిన్ అక్క పాత్రకు చూశారు. గాజు అద్దం వెనకాల కూర్చున్న మనిషి రెండు మాటలు విని మైకులో చెప్పాడు. "గొంతు బాగుందమ్మా. యాసే అడ్డమొస్తోంది. అరవ వాసన."

కొన్నాళ్లకు షణ్ముగం ఆమెను తమిళ సీరియల్‌కు తీసుకుపోయాడు. అక్కడి మనిషి ఇంకా తొందరగా తేల్చేశాడు. "తెలుంగు వాడై అడిక్కిదు." తెలుగు వాసన కొడుతోందట.

ఆరోజు తిరుగు ట్రెయినులో ఆమెకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండిట్లో ఏదీ పైకి రానివ్వలేదు. "పోతే పోనీక్కా, క్రౌడుకు వస్తే చాలు. గుంపులో యాస ఎవుడు వింటాడు?" అన్నాడు షణ్ముగం. అట్లా గుంపులో నిలబడింది.

ప్రీతిక పెద్దదయింది, కాలేజీకొచ్చింది. తెలుగు అర్థమవుతుంది, ఇంట్లో మాట్లాడుతుంది, కానీ చదవలేదు. బయట నోరెత్తి ఒక్క తెలుగు మాట అనదు. ఒకరోజు స్నేహితురాలు జననితో ఇంటికొచ్చింది. విద్యాలక్ష్మి వంటింట్లోంచే, "ప్రీతీ, యాడికి పోయినారే ఇంతసేపు? కాళ్లు కడుక్కోని రాండి, దోసె పోస్తా" అని కేకేసింది. జనని ఆశ్చర్యంగా, నీంగ తెలుంగా అని అడిగింది. ప్రీతిక గబగబా, "ఇల్ల ఇల్ల, అమ్మా సుమ్మా అప్పిడి పేసువాంగ" అంది. మేం తెలుగువాళ్లం కాదు, అమ్మ ఊరికే అట్లా మాట్లాడుతుందని.

విద్యాలక్ష్మి పెనం మీద నీళ్లు చల్లి, దోసె పోసింది. ఆ తర్వాత స్నేహితులు వచ్చినప్పుడల్లా కూతురితో తమిళంలోనే మాట్లాడటం మొదలుపెట్టింది.

ఒక సినిమా పని వచ్చింది, చలి పోయి ఎండలు ముదురుతున్న రోజుల్లో. పిల్లల బొమ్మల సినిమా, వేసవి సెలవులకు తెలుగు, తమిళం, హిందీ అన్నిట్లో ఒకేసారి విడుదల. అందులో ఒక ముసలి ముంగిస ఉంది. దానికి తెలుగు చెప్పాల్సిన పెద్దావిడ గొంతు పట్టేసి మంచమెక్కింది. తేదీ దగ్గర పడింది. షణ్ముగం ఫోన్ చేశాడు.

"అక్కా, ముసలి గొంతు. నీకు ఒస్తాది. ఉత్త టెస్టుకే అనుకోని రా. కుదరకపోతే పోయేదేముంది?"

"నాకు క్రౌడుండాది కదా రేపు?"

"అది నేను చూసుకుంటాలే. వొణక్కం పెట్టి అడుగుతాండా, రా."

తెలుగు డబ్బింగ్ చూసేది సుభాష్ అనే కుర్రాడు. విజయవాడ వైపు మనిషి. మర్యాద తెలిసినవాడు, ఆమె లోపలికి రాగానే లేచి నిలబడ్డాడు. కథ చెప్పబోయాడు కానీ పైనుంచి ఎవరిదో ఫోన్ వచ్చి సగంలో ఆగిపోయింది. డబ్బింగ్‌లో అది కొత్తేం కాదు. ఎవరి ముక్కలు వాళ్లకు వేసి చూపిస్తారు, వాళ్లు ఆ ముక్కలకు మాట చెప్పి పోతారు. ముందేమిటి, వెనకేమిటి ఎవరికీ తెలియదు. ఇన్నేళ్లలో ఆమె చచ్చినవాళ్లందరికీ ఏడ్చింది గానీ, ఎందుకు చచ్చారో ఒక్కరి సంగతీ తెలుసుకోలేదు.

తెర మీద బొమ్మ ముంగిస వచ్చింది. నెరిసిన మీసాలు, కొరుకుడు పడిన ఒక చెవి, ఎప్పుడూ విసుక్కుంటున్న ముఖం. ఎదురుగా ఎలుగుబంటి పిల్ల నిలబడి ఏదో అడుగుతోంది. ముంగిస చెప్పాల్సిన మాట కాగితం మీద ఇట్లా ఉంది: "నువ్వు ఎవరివైతే ఏమిటి నాన్నా? లోపలికి రా. బయట చలిగా ఉంది."

చెప్పింది. సుభాష్ వినయంగానే దిద్దాడు. "బావుందమ్మా. 'సలి' కాదు, 'చలి'. ఇంకోసారి."

చెప్పింది. 'ఎవురివైతే' వచ్చింది. మళ్లీ చెప్పింది. యాస రాకుండా జాగ్రత్తపడితే మాటలో ప్రాణం పోయి, వార్తలు చదివినట్టు వినిపించింది. ప్రాణం పెట్టబోతే యాస తోసుకొచ్చింది. మధ్యాహ్నం భోజనం వేళ దాటింది. సుభాష్ టీ తెప్పించాడు, ఆమె రెండు గుక్కలు తాగి మళ్లీ మైకు ముందుకు వచ్చింది. మోకాళ్లు లాగుతున్నాయి. సాయంత్రం ట్రెయిను గుర్తొచ్చింది, దాని వెనకే ఇంట్లో పులియడానికి పెట్టిన పిండి గుర్తొచ్చింది. ఇది మనవల్ల కాదు, ఇంకొక్కసారి అనేసి చెప్పులేసుకుని పోదాం అనుకుంది. కాగితం చూడటం కూడా మానేసింది. తెర మీద ఆ పిల్ల వానలో తడుస్తూ నిలబడి ఉంది.

"ఎవురైతే ఏంటికిరా ఇప్పుడు? లోపలికి రా. సలి కొడతాండాది, కనపళ్లేదా?"

తన నోట్లోంచి ఏం వచ్చిందో తనకే తెలియలేదు. తెలిశాక చేత్తో నోరు మూసుకుంది. "తప్పయిపోయింది సార్, ఏందో యామారి వొచ్చేసింది. మళ్లీ చెప్తాను."

అద్దం అవతల సుభాష్, పక్కన కూర్చున్న సౌండ్ ఇంజనీరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. ముక్కను వెనక్కి తిప్పి మళ్లీ వేశారు. మాట కాస్త పొడుగైంది, అయినా పెదవులకు ఎట్లాగో సరిపోయింది.

"ఇది ఎవరి మాటమ్మా?" అన్నాడు సుభాష్ మైకులో.

"మా ఇంటి మాట సార్. మా పెద్దమ్మ అట్ల అరిచేది. బయటికి పనికిరాదు."

"ఉంచి చూద్దాం."

"నవ్వతారు సార్."

"నవ్వుతారేమో. పైవాళ్లు ఒప్పుకుంటారో లేదో నాకూ తెలీదు. నేను పంపించి అడుగుతా. వద్దంటే మళ్లీ చేద్దాం, మీకు శ్రమే మరి." మళ్లీ మైకు నొక్కి, "రేపు మిగతావన్నీ కూడా ఇట్లాగే చెప్తారా? మీకు ఎట్లా తోస్తే అట్లా," అన్నాడు.

మర్నాడంతా చెంగమ్మను నోట్లో పెట్టుకుని మాట్లాడింది. ముంగిస విసుక్కున్నచోట విసుక్కుంది, గొణిగినచోట గొణిగింది. చివర్లో మాటల్లేని ముక్క ఒకటి ఇచ్చారు. ముంగిస ముఖం మాత్రమే కనిపిస్తోంది, ఒగరుస్తోంది. మెట్లెక్కుతోందేమో అనుకుని ఒగర్చి వచ్చేసింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఒప్పుకోకపోతే చెప్పిన మాట వెనక్కి తీసుకోవాలి, దానికి ఓపిక లేదు. ఆ వారమే ఒక సీరియల్లో వరద వచ్చింది. వరదలో కొట్టుకుపోయేవాళ్ల కేకలన్నీ మరో ముగ్గురితో కలిసి ఆమే వేసింది. ముంగిస సంగతి మర్చిపోయింది.

మే నెలలో తిరువళ్లూరు థియేటర్లో ఆ సినిమా వచ్చింది, తమిళంలో. ప్రీతిక స్నేహితులతో కలిసి పోయి, సాయంత్రం ఉబ్బిన కళ్లతో ఇంటికొచ్చింది. విద్యాలక్ష్మి బీన్స్ తరుగుతోంది.

"ఏమయిందే?"

"ఏం లేదుమా, పడం చూసి. సెమ్మ పడం." ప్రీతిక గోడకు ఆనుకుని కింద కూర్చుంది. "చిన్నపిల్లల సినిమా, నవ్వుకుందామని పోయినాం. మా పక్క సీట్లో ఒక తాత, మనవడు వొచ్చినారు. మనవడు నవ్వతాండాడు, తాత కండువాతో కళ్లు తుడుచుకుంటాండాడు. అందురూ అంతే. ఇంటర్వెల్లో ఎవురి మొకాలు వాళ్లు దాచుకుంటాండారు."

"అంత ఏముండాది దాంట్లో?"

"ఒక ఎలుగు పిల్లమా. వరదలో కొట్టుకోని పోయి ముంగిసల దగ్గర పడతాది. అవే పెంచుతాయి. దానికి వాటి మాటే వొస్తాది, కానీ దాని గొంతు లావు కదా, మాట వంకరగా వొస్తాది. ముంగిస పిల్లలంతా నవ్వతాయి. సరే, మన జనం యాడుండారో పోయి చూద్దామని కొండ మిందికి పోతాది. ఆడ ఎలుగులుంటాయి. అవీ నవ్వతాయి. నువ్వు ముంగిస మాదిరి మాట్లాడతాండావు, నీ దగ్గిర ముంగిస వాసనొస్తాది, మావోడివి కాదు పో అంటాయి."

విద్యాలక్ష్మి చేతిలో కత్తి ఆగిపోయింది.

"ఈడా కాదు, ఆడా కాదు. అదేం తప్పు చేసిందిమా, పాపం?" అంది ప్రీతిక.

"తర్వాత?"

"తర్వాత వానలో తిరిగి వొస్తాది. బయటే నిలబడతాది, లోపలికి పిలవరని. ఒక ముసలి ముంగిస ఉండాది, మొదటి నుంచీ దాన్ని తిట్టేదే. అదొచ్చి..."

"ఎవురైతే ఏంటికిరా ఇప్పుడు, లోపలికి రా అంటాది," అంది విద్యాలక్ష్మి.

ప్రీతిక తలెత్తి చూసింది. "నీకెట్ల తెలుసు?"

"తెలుగులో ఆ ముంగిసకు నేనే చెప్పినాను."

ప్రీతిక గోడ వదిలి ముందుకు జరిగింది. విద్యాలక్ష్మి మాత్రం అసలు సంగతి అడిగింది, తనకు నిజంగానే తెలియదు గనక. "లోపలికి రమ్మంటాది సరే. అది దూరేదెట్ల? బొరియ చిన్నది కదా?"

"అందురూ కలిసి తవ్వతారుమా. రాత్రంతా తవ్వి పెద్దది చేస్తారు. ఆ ముసల్ది గోళ్లు అరిగిపోయినా ఆపదు, ఒగరుస్తానే తవ్వతాది."

"ఓహో. తవ్వతాండాదా?" అంది విద్యాలక్ష్మి. "నేను మెట్లెక్కతాండాదనుకున్నాను."

బీన్స్ తరగడం ముగించి లేచింది. కానీ ఆ రాత్రి కూరలో ఉప్పు వేయడం మర్చిపోయింది. రఘునాథ్ ఊరగాయ పెట్టుకుని తిన్నాడు. ప్రీతికే ఆయనకు సంగతంతా చెప్పింది. ఆయన భార్య వైపు చూసి, "నీ గొంతు ఒంటిగా వినేదెట్ల మరి? ఈడ అరవంలోనే కదా ఆడతాండాది?" అన్నాడు.

షణ్ముగాన్ని అడిగితే నగరిలో తెలుగులో ఆడుతోందన్నాడు. ఆంధ్రా హద్దు దాటగానే వచ్చే ఊరు. తిరుత్తణి నుంచి బస్సులో ఎంతో సేపు పట్టదు. మాటలు మార్చారా, ఉంచారా అంటే అతనికీ తెలియదు. "పోయి చూడక్కా. నీ గొంతు లేకపోతే ఎవురి గొంతో ఉంటాది, సినిమా అయితే ఉంటాది కదా," అన్నాడు.

ఆదివారం తల్లీకూతుళ్లు బయల్దేరారు. షాపులో సరుకు దిగే రోజని రఘునాథ్ రాలేదు. ముందురోజు విద్యాలక్ష్మి ఒక పాత సినిమాకు కొత్తగా గొంతులు కలుపుతుంటే పొద్దంతా యుద్ధం కేకలు వేసింది. తిరుత్తణిలో ట్రెయిను దిగేసరికే ఆమెకు కళ్లు వాలిపోతున్నాయి. బస్సులో కూతురి భుజం మీద తల పెట్టేసింది. ఎండ కిటికీలోంచి నేరుగా ముఖాన కొడుతున్నా మెలకువ రాలేదు.

నగరి థియేటర్లో పెద్దగా జనం లేరు. మగ్గాలకు సెలవు గనక పిల్లల్ని తీసుకొచ్చిన నేతవాళ్లు, కొందరు కాలేజీ కుర్రాళ్లు. ఫ్యాన్లు గట్టిగా తిరుగుతున్నాయి. విద్యాలక్ష్మి పైట చుట్టుకుని గోడ పక్క సీట్లో కూర్చుంది. మాటలు మార్చేసి ఉంటే బాగుండునని కూడా ఒక క్షణం అనుకుంది.

మార్చలేదు. ముసలి ముంగిస బొరియలోంచి తల బయటపెట్టి, "ఏందిరా అది? ఈ పొద్దు ఎవుడు తెచ్చినాడు దీన్ని? యాడ పడుకోబెడతారు, నా నెత్తినా?" అంది.

హాలంతా గొల్లుమంది. కుర్రాళ్లు ఈలలు వేశారు. విద్యాలక్ష్మి సీట్లో కిందికి జారిపోయింది. నవ్వుతారని ముందే చెప్పినాను కదా సార్, అని సుభాష్‌తో మనసులో అంది. ముంగిస నోరు తెరిచినప్పుడల్లా నవ్వారు. వెనక సీట్లో ఒకామె పక్కనున్న ఆడపడుచును గిల్లుతూ, "మా అత్తేనే ఇది! అచ్చం మా అత్త మాదిరే తిడతాది చూడు!" అంది.

ఇంటర్వెల్లో దీపాలు వెలగగానే ప్రీతిక వెనక్కి తిరిగింది. విద్యాలక్ష్మి చీర కొంగు పట్టుకుని లాగుతున్నా ఆగలేదు. "అక్కా, ఆ ముంగిస మా అమ్మ," అంది. కొత్తవాళ్ల ముందు తెలుగు మాట్లాడి అలవాటు లేక, మాటలు వెతుక్కుంటూ, "అంటే, గొంతు. గొంతు మా అమ్మది," అని దిద్దుకుంది.

ఆ వెనక సీటామె పక్కనే ఉన్న ఏకాంబరకుప్పం నుంచి వచ్చింది. పేరు కోకిల. ఇద్దరినీ ఎగాదిగా చూసింది. "సినిమావాళ్లు ఈడెందుకు కూసుంటారమ్మా, ఈ చెక్క సీట్లలో? ఏదీ, ఒక మాట చెప్పమను."

"ఏం చెప్పేదమ్మా," అంది విద్యాలక్ష్మి సిగ్గుపడి.

కోకిల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, అదే గొంతే! ఏ ఊరక్కా నీది?"

విద్యాలక్ష్మి తిరువళ్లూరు అనబోయి, "తిరుత్తణి," అంది.

"అదీ, అనుకుంటానే ఉండా. మనోళ్ల మాటే అని," అంది కోకిల. పక్కనున్న తన కూతురి చేతిలోంచి పాప్‌కార్న్ పొట్లం తీసి ముందుకు చాచింది. "తినక్కా. బో నవ్విచ్చినావు."

విద్యాలక్ష్మి రెండు గింజలు తీసుకుంది. మనోళ్లు అన్న మాట ఆమె చెవిలో చాలాసేపు ఉంది. దాని మీద ఏమీ ఆలోచించలేదు, ఆలోచించేంత ఓపిక కూడా ఒంట్లో లేదు. దీపాలు ఆరిపోయాయి. ఎలుగు పిల్ల కొండెక్కడం మొదలుపెట్టింది. పక్కన ఫ్యాను చల్లగా కొడుతోంది. తన గొంతు లేని సీన్లు, నవ్వుతారన్న భయం లేని సీన్లు. ఆమె నిద్రపోయింది.

ప్రీతిక లేపలేదు.

నిద్రలో ఆమె తిరుత్తణి వీధిలో ఉంది. ఎండ తగ్గింది, ఆట ముగియలేదు. పెద్దమ్మ అరుగు మీదికొచ్చి పిలిచింది. "ఎవురైతే ఏంటికిరా ఇప్పుడు? లోపలికి రా. సలి కొడతాండాది, కనపళ్లేదా?"

"వస్తాండా పెద్దమ్మా," అంది విద్యాలక్ష్మి పైకే, సగం లేచి.

ప్రీతిక చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. హాల్లో ఒక్కరూ నవ్వడం లేదు. ఈలలు వేసిన కుర్రాళ్లు కూడా కదలకుండా కూర్చున్నారు. తెర మీద వాన, వానలో తడిసిన పిల్ల, గడపలో ముంగిస. వెనక కోకిల ముక్కు చీదడం వినిపించింది. మొదటి నుంచీ తిట్టిన నోరే పిలిచింది గనక ఆ పిలుపు మీద ఎవరికీ అనుమానం రాలేదు. నువ్వెవరివో తేల్చి చెప్పలేదు ముంగిస. చలి సంగతి చెప్పింది, అంతే. చిన్నపిల్లల బొమ్మల సినిమాకు పెద్దవాళ్లు ఎందుకంత కరిగిపోతున్నారో విద్యాలక్ష్మికి అప్పుడు అర్థమయింది. ఎప్పుడో ఒకప్పుడు బయట నిలబడనివాళ్లు ఆ హాల్లో ఎవరున్నారు?

ముంగిస తవ్వడం మొదలుపెట్టింది. ఒగర్పులు ఆమెవే. మెట్లెక్కే ఒగర్పు వేరు, మట్టి తవ్వే ఒగర్పు వేరు. అక్కడ ఒక ఊపిరి తేడాగా పడింది. తెలిసి ఉంటే ఇంకా బాగా చేసేదాన్ని కదా అనుకుంది. ఆ ఒక్క లోటే మనసులో మెదిలింది, ఏడుపు రాలేదు. పక్కన ప్రీతిక ఏడుస్తోంది, ఒకసారి చూసిన సినిమాకే.

సినిమా అయ్యాక పేర్లు వస్తాయేమో చూద్దామని ప్రీతిక పట్టుబట్టింది. కానీ చివరి పాట మొదలు కాకముందే దీపాలు వేసేశారు, తలుపులు తెరిచేశారు. ఊడ్చేవాళ్లు లోపలికి వచ్చారు. తిరుత్తణి బస్సులో కూతురు చెంగమ్మ గురించి అడిగింది. ఆమె ఎట్లా ఉండేది, ఏం తినేది, ఎందుకు తిట్టేది అని. విద్యాలక్ష్మి చెప్పింది. ఆరోజు దారి పొడుగునా చెప్పింది. బియ్యంలో గీసిన అక్షరాల సంగతి వినగానే ప్రీతిక, "అ ఎట్ల రాస్తారు?" అని అరచెయ్యి చాచింది. విద్యాలక్ష్మి వేలితో రాసి చూపించింది. ఆ తర్వాత ఇద్దరికీ కునుకు పట్టింది.

ఆ సినిమా వల్ల ఆమె జీవితం మారిపోలేదు. జూన్‌లో షణ్ముగం ఉత్సాహంగా ఫోన్ చేశాడు. "అక్కా, నీ యాసకు గిరాకీ వొచ్చింది!" అన్నాడు. అది ఒక సీరియల్లో పనిమనిషి పాత్ర. ఆమె నోరు తెరిస్తే ఇంట్లోవాళ్లు నవ్వాలి, ఆమెకు ఎందుకు నవ్వుతున్నారో తెలియకూడదు. విద్యాలక్ష్మి పోయి చెప్పి వచ్చింది. ఇంకా ఎక్కువ లాగమన్నారు, ఇంకా మొద్దుగా అనమన్నారు. నగరిలో విన్న నవ్వు ఒకటి, ఇది ఇంకొకటి. తేడా ఏమిటని అడిగితే ఆమె చెప్పలేకపోయేది, కానీ తిరుగు ట్రెయినులో సీటు దొరికినా కళ్లు మూసుకోలేదు. రెండోసారి పిలిస్తే రానంది.

"ఏంటికక్కా? పేరు కూడా వేస్తామంటాండారు."

"నాకొద్దులే షణ్ముగం. క్రౌడుంటే చెప్పు."

అతను నొచ్చుకున్నాడు. కొన్నాళ్లు పిలవలేదు. తర్వాత పిలిచాడు. ఏడుపులు, కేకలు, గుసగుసలు మళ్లీ మొదలయ్యాయి. ఏడుపుకు యాస ఉండదు గనక ఎవరూ దిద్దలేదు. సుభాష్ ఒకసారి ఫోన్ చేసి బాగున్నారా అని అడిగాడు. ఇంకో సినిమా వస్తే తప్పకుండా పిలుస్తానన్నాడు. ఇంకా రాలేదు కాబోలు.

మొన్న ఆగస్టు మొదట్లో, ఆడి నెలలో ఒక పౌరాణికం సీరియల్‌కు వరుసగా యుద్ధభూమి ఏడుపులు పడ్డాయి. మూడోరోజు సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆమెకు గొంతు పూర్తిగా పోయింది. సైగలు తప్ప మాట లేదు. రఘునాథ్ షాపు మూసి తొందరగా వచ్చి, మిరియాలు దంచాడు. ప్రీతిక చారు పెట్టి, అన్నం మెత్తగా కలిపి తెచ్చింది. విద్యాలక్ష్మి ఫోన్ మోగింది. షణ్ముగం. ఆమె లేవబోతుంటే ప్రీతిక తీసింది.

"మామా, నేను ప్రీతికను. అమ్మకు గొంతు లేదు. రేపు రాదు, ఎల్లుండీ రాదు." అవతల అతను ఏదో బతిమాలుతున్నట్టున్నాడు. ఆ పిల్ల విసుగ్గా, "ఎవురు చచ్చినా సరే మామా, మా అమ్మ ఇప్పుడు ఏడవదు. ఇంకెవుర్నన్నా చూసుకోండి," అని పెట్టేసింది.

విద్యాలక్ష్మికి నవ్వొచ్చింది. శబ్దం లేని నవ్వు, భుజాలు మాత్రం కదిలాయి. గిన్నె ఖాళీ చేసి పక్కన పెట్టి, చాప మీద వెనక్కి వాలింది. వంటింట్లో తండ్రీకూతుళ్లు పాలు ఎవరు కాచాలని వాదులాడుకుంటున్నారు. వాళ్ల మాటలు ఒక్కొక్కటీ దూరమవుతుంటే, ఆమె కళ్లు మూసుకుంది.